అసోసియేషన్‌లో చేరితే పీసీబీ టెన్షన్ పోతుందా? బల్క్ డ్రగ్ యూనిట్లలో నేను వినే అపోహలు

పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు బల్క్ డ్రగ్ యూనిట్లకు (మందుల ముడిసరుకు తయారు చేసేవి) ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు), కన్సెంట్ (యూనిట్ నడపడానికి పొల్యూషన్ బోర్డు ఇచ్చే అనుమతి) పనులు చూస్తుంటాను. కొత్తగా యూనిట్ పెట్టినవాళ్లు తరచూ అడిగే మాట ఒకటుంది: "పరిశ్రమల అసోసియేషన్‌లో చేరాం కదండీ, ఇక పొల్యూషన్ బోర్డు (పీసీబీ) సంగతి వాళ్లే చూసుకుంటారుగా?"

చూసుకోరండీ. కన్సెంట్ మీ కంపెనీ పేరు మీద ఉంటుంది, షోకాజ్ నోటీసూ ఆ పేరు మీదే వస్తుంది. అసోసియేషన్ అర్జీ ఇస్తుంది, గడువు అడుగుతుంది, కొత్త రూల్ వస్తే మీటింగ్ పెట్టి వివరిస్తుంది. మీ డ్రైన్‌లో ఏం పోతోందో జవాబు చెప్పాల్సింది మాత్రం మీరే.

అపోహ: వ్యర్థజలాల టాంకర్ కామన్ ప్లాంటుకు పంపేస్తే మన పని అయిపోయినట్టే.

వాస్తవం: చిన్న యూనిట్లు ఎవరికి వారు పెద్ద ప్లాంటు కట్టుకోలేవు కాబట్టే 1989లో జీడిమెట్లలో పరిశ్రమలు వాటాలు వేసుకుని ఉమ్మడి ప్లాంటు పెట్టుకున్నాయి, తర్వాత పటాన్‌చెరులోనూ వచ్చింది. పరిశ్రమలు కలిస్తే ఎంత పని జరుగుతుందో చెప్పాలంటే నేను ముందు ఇదే చెబుతాను. కానీ అక్కడ అన్‌లోడ్ చేసే ముందు టాంకర్‌లోంచి శాంపిల్ తీస్తారు, సీఓడీ (నీళ్లలో రసాయన మురికి ఎంతుందో చెప్పే కొలత) పరిమితి దాటితే బండి వెనక్కే. ఒక రాత్రి నేను చూసే యూనిట్ టాంకరే అలా తిరిగొచ్చింది. సాల్వెంట్ (తయారీలో వాడే ద్రావకం) సరిగ్గా రికవరీ చేయని మదర్ లిక్కర్‌ని (మందు వేరు చేశాక మిగిలే ద్రవాన్ని) మామూలు నీళ్లలో కలిపేశారు, మూత తీయగానే వాసన గుప్పుమంది. ఆ నీళ్లు నిల్వ పెట్టడానికి ట్యాంకుల్లో చోటు లేక తెల్లారేసరికి ప్రొడక్షన్ ఆపాల్సి వచ్చింది.

సీఓడీ పరిమితిలోనే ఉంటే అంతా బాగున్నట్టేనా? కాదు. పటాన్‌చెరు ఉమ్మడి ప్లాంటు నుంచి శుద్ధయి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో రాశారు. అంటే రోజుకు సుమారు 45 కిలోలు, స్వీడన్ దేశం మొత్తం 5 రోజుల్లో వాడేంత మందు! యాంటీబయాటిక్‌కి పరిమితే లేదు కాబట్టి దాన్ని కొలవాలని ఎవరికీ తట్టలేదు.

అపోహ: అసోసియేషన్లు ఉన్నది రూల్స్‌ని అడ్డుకోవడానికే.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది, దాచను. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. పరిశ్రమ వర్గాలు అభ్యంతరం చెప్పాయి. 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ఖర్చు, టెస్టింగ్ ఇబ్బందులు నాకూ తెలుసు, అయినా ఆ పరిమితులు లేకపోవడం తప్పనే అంటాను, ఎందుకంటే పటాన్‌చెరు వైపు పారే నక్కవాగు నీళ్లు చేరేది మన మంజీరలోకే. అలాగని పరిశ్రమ అంతా ఒకే తీరున లేదు. మందుల కంపెనీలే కూటమిగా ఏర్పడి 2022లో యాంటీబయాటిక్ తయారీకి సొంత ప్రమాణం పెట్టుకున్నాయి.

అపోహ: ఇన్‌స్పెక్షన్ రోజు అసోసియేషన్‌కి ఫోన్ కొడితే చాలు.

వాస్తవం: ఫోన్ పక్కన పెట్టి శాంపిల్ తీసే చోట నిలబడండి. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం శాంపిల్‌ని రెండు భాగాలు చేయమని మీరు అడగొచ్చు, రెండింటికీ సీలు వేసి ఇద్దరూ సంతకం పెట్టాలి. చాలామంది ఆపరేటర్లకు ఇది తెలియదు. మీ అసోసియేషన్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు, నైట్ షిఫ్ట్ వాళ్లకు కూడా దీని మీద ఒకపూట ట్రైనింగ్ పెట్టించమని గట్టిగా అడగండి.