సార్డీనియాలో నల్లరాతి సీమ

సార్డీనియా అనగానే అందరూ సముద్రం గురించే చెబుతారు. ఇటలీకి పడమట, మధ్యధరా సముద్రం నడుమ ఉన్న ఈ పెద్ద దీవికి వేసవిలో వచ్చే జనంలో చాలామంది తీరం వదిలి కదలరు. నేనైతే కాల్యారి నగరంలో దిగినవెంటనే సముద్రాన్ని వెనక వదిలి ఉత్తరానికి బయల్దేరమంటాను. ఓ 60 కిలోమీటర్లు పోతే మర్మిల్లా అనే పల్లెసీమ వస్తుంది. గోధుమ చేలు, ఆలివ్ తోటలు, గొర్రెల మందలు, చిన్న చిన్న ఊళ్లు. ఆ చేల వెనక ఒక కొండ కనిపిస్తుంది. దానికి శిఖరం లేదు. నెత్తిన గీత గీసినట్టు చదునుగా ఉంటుంది. పేరు జారా. ఈ సీమలో చూడదగ్గవి చాలావరకు ఆ కొండ మీది నల్లరాయితో ముడిపడ్డవే.

ఇప్పుడు మిట్టగా ఉన్న జారా ఒకప్పుడు పల్లం. సముద్రం అడుగున పేరుకున్న సున్నపు మట్టి, ఇసుకరాయి పైకి తేలి నేలగా మారిన చోటు ఇది. సుమారు 27 లక్షల ఏళ్ల కిందట ఇక్కడ నేల చీలి లావా పొంగింది. నీళ్లలాగే లావా కూడా పల్లమెరుగుతుంది. తగ్గు ప్రాంతాల్లోకి పారి, పరుచుకుని, చల్లారి బసాల్టుగా గట్టిపడింది. ఆ తర్వాత లక్షల ఏళ్ల పాటు వానలు చుట్టుపక్కల మెత్తటి మట్టిని కోసుకుపోయాయి. బసాల్టు పరిచిన చోట మాత్రం ఆ రాయే కింది మట్టికి గొడుగు పట్టింది. చుట్టూ ఉన్న నేల దిగిపోతుంటే, పల్లం అలాగే ఉండిపోయి మిట్ట అయింది. ఇప్పుడది సుమారు 45 చదరపు కిలోమీటర్ల పీఠభూమి, ఎత్తు 550 మీటర్లకు అటూ ఇటూ. లావా పొంగిన నోళ్లు జెపారా మన్నా, జెపారెడ్డా అనే రెండు మెట్టలుగా ఇంకా పైన కనిపిస్తాయి. వికారాబాదు వైపో, ఆదిలాబాదు వైపో తిరిగినవాళ్లకు ఈ రాయి కొత్త కాదు. మన దక్కను లావా సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటిది. వయసులో అంత తేడా ఉన్నా రెండూ ఒకే జాతి రాళ్లు.

కొండెక్కడానికి మార్చి, ఏప్రిల్ నెలలు మంచివి. అప్పుడు పైన నీళ్లుంటాయి. బసాల్టు పలక మీద లోతు లేని గుంటలు చాలా ఉన్నాయి. శీతాకాలపు వాన వాటిలో చేరి, అడుగున రాయీ బంకమట్టీ ఉండటంతో ఇంకిపోకుండా నిలుస్తుంది. ఈ మడుగులను అక్కడివాళ్లు పావులి అంటారు. అన్నిటికన్నా పెద్దది పావులి మయోరి. వసంతంలో నీటి మీద తెల్లటి పూలు పరుచుకుంటాయి. జూలై వచ్చేసరికి చాలా మడుగుల్లో నెర్రెలిచ్చిన మట్టే మిగులుతుంది.

పూలు చూసి వెనక్కి తిరగకండి. మడుగు గట్టున కూర్చుని, నీళ్లు తేరుకునేదాకా కదలకుండా చూడండి. అడుగున గోధుమరంగు డాలు లాంటిది జరుగుతూ కనబడవచ్చు. వేలి పొడవు కూడా ఉండదు. డాలు వెనక సన్నటి ఒళ్లు, చివర దారాల్లాంటి రెండు తోకలు. డాలు కింద పదుల కొద్దీ కాళ్లు అలలా కదులుతుంటాయి. లెపిడ్యూరస్ అనే ఈ జీవి రొయ్యకు దూరపు చుట్టం. ఇలాంటి డాలు, ఇలాంటి తోకలే ఉన్న దీని బంధువుల శిలాజాలు 20 కోట్ల ఏళ్లకు పైబడినవి దొరికాయి. మడుగు ఎండేలోపు ఇది గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఆ గుడ్లు ఎండిన మట్టిలో వేసవంతా పడి ఉండి, నీరు తగిలాక మళ్లీ పొదుగుతాయి. ఏటా ఎండిపోవడం దీనికి ఒకందుకు మేలే, ఎండే మడుగులో చేపలు బతకలేవు కాబట్టి తినేసేవాళ్ల బెడద తక్కువ.

ఈ మడుగుల్లోనే జారా గుర్రాలు మోకాటి లోతున నిలబడి నీటి మొక్కలు మేస్తాయి. భుజం దగ్గర 120 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉండే పొట్టి గుర్రాలు. ముదురు రంగు ఒళ్లు, కోలకళ్లు. కొన్ని వందలున్నాయి, స్వేచ్ఛగా తిరుగుతాయి. యంత్రాలు రాకముందు చుట్టుపక్కల రైతులు వీటిని కిందికి తోలుకొచ్చి కళ్లంలో నూర్పిళ్లకు తొక్కించేవారు. పొద్దున్నే వెళితే కనిపిస్తాయి. దగ్గరికి పోవద్దు, తిండి పెట్టొద్దు.

ఇక కొండ దిగి బారూమిని ఊరికి రావాలి. ఊరి పక్కనే సు నురాజి ఉంది. 1950 దశకంలో తవ్వేదాకా అదొక మట్టి దిబ్బ. తవ్వించిన పురావస్తు శాస్త్రవేత్త జొవాన్ని లిల్లియు 1914లో ఈ ఊళ్లోనే పుట్టాడు. తన ఊరి దిబ్బ కింద నుంచి ఆయన బయటికి తీసింది సుమారు 3,500 ఏళ్ల నాటి కోట. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇలాంటి రాతి బురుజులను నురాగె అంటారు. దీవి మొత్తం మీద 7,000కు పైగా ఉన్నాయి. కట్టినవాళ్లు రాత వదిలిపోలేదు, కాబట్టి వాళ్ల గురించి ఏం తెలుసుకోవాలన్నా రాళ్లనే అడగాలి.

నడిమి బురుజు మూడంతస్తులది, ఒకప్పుడు 18 మీటర్లు దాటి ఉండేది. జారా నుంచి తెచ్చిన బసాల్టు దిమ్మెలతో కట్టారు. సున్నం లేదు, అతుకు లేదు. లోపలికి వెళ్లి తలెత్తి చూడండి, పెద్ద బానను బోర్లించి దాని కింద నిలబడ్డట్టుంటుంది. కింద దిమ్మెలు పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. ప్రతి వరసా కింది వరస కన్నా కొద్దిగా లోపలికి జరిగి ఉంటుంది. జరిగిన రాయి లోపలికి ఒరగాలని చూస్తుంది. కానీ దాని వెనక తోక మీద గోడ బరువంతా కూర్చుని ఉంది. పైగా వరస గుండ్రంగా ఉంది కనుక, ఏ ఒక్క రాయీ పక్క రాళ్లను నెట్టకుండా లోపలికి జారలేదు. అన్నీ ఒకదాన్నొకటి బిగబట్టుకుంటాయి. అందుకే ప్రతి వరసా పూర్తయ్యేసరికి తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. సందుల్లో చిన్న రాళ్లు కొట్టి బిగించారు. గణితం రాసిపెట్టుకోని మనుషులు బరువు ఎటు పోతుందో చేతుల్తో తెలుసుకుని కట్టిన కప్పు ఇది. నాకు ఏ రాజు కోట చూసినా ఇంత గౌరవం కలగలేదు.

తర్వాతి కాలంలో దీని చుట్టూ నాలుగు బురుజుల గోడ కట్టారు. మధ్య ముంగిట్లో బావి ఉంది. మరికొన్ని తరాలకు ఆ గోడకు ఇంకో దళసరి గోడ తొడిగి, నేల మట్టంలోని వాకిలి మూసేసి, కొత్త వాకిలి చాలా ఎత్తున పెట్టారు. ఎవరికి భయపడ్డారో రాళ్లు చెప్పవు. కోట వెలుపల ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పదుల కొద్దీ గుండ్రటి ఇళ్ల పునాదులు. రాతి గోడ మీద కర్రలు, కసువుతో కప్పు వేసుకున్న ఇళ్లవి. ఉత్తరాంధ్ర చుట్టిళ్లు ఎరిగినవాళ్లకు ఆ గుండ్రటి గోడలు చూడగానే ఇల్లు కళ్లకు కడుతుంది.

ఊళ్లో జపాటా దొరల పాత మేడ ఉంది. 1990లో బాగుచేస్తుంటే దాని కింద మరో నురాగె బయటపడింది. ఇప్పుడు అద్దాల బాట మీద నడుస్తూ కాళ్ల కింద ఆ నల్లరాళ్లు చూడొచ్చు. సమయముంటే సిద్ది ఊరి పైనున్న చిన్న బసాల్టు మిట్ట ఎక్కండి. అక్కడ నురాగె కాలం నాటి సామూహిక సమాధి ఉంది, పొడవు 15 మీటర్లు. పేరు సా దోము ఎ సోర్కు, అంటే రాకాసి ఇల్లు. తెలంగాణలో పెద్దరాతి సమాధులను రాక్షసగుళ్లు అన్నట్టే, వాళ్లూ అంత బరువు మోసింది మనుషులని నమ్మలేకపోయారు.

పొద్దుండగానే మళ్లీ ఒకసారి జారా మీదికి వెళ్లగలిగితే, కార్కు ఓక్ చెట్ల మధ్య పిన్నెట్టాలు వెతకండి. సీసా బిరడాలకు బెరడు ఒలిచిన ఆ చెట్ల మొదళ్లు ఎర్రగా ఉంటాయి. వాటి పక్కన గొర్రెల కాపరులు కట్టుకున్న గుడిసెలే పిన్నెట్టాలు. నడుమెత్తు గుండ్రటి గోడ, అతుకు లేకుండా పేర్చిన బసాల్టు రాళ్లు, మీద కొమ్మలతో మొనదేలిన కప్పు.