జోయెల్ ఎత్తిన చెయ్యి

స్వీడన్‌లో ఓరె అని ఒక చిన్న ఊరుంది. చుట్టూ మంచు కొండలు, స్కీయింగ్ కోసం వచ్చిపోయే జనం. 1982 మార్చి 2న పుట్టిన హెన్రిక్, జోయెల్ లుండ్‌క్విస్ట్‌లది ఆ ఊరే. ఇద్దరూ అచ్చు గుద్దినట్టు ఉండే కవలలు. ఎనిమిదేళ్ల వయసులో ఐస్ హాకీ ప్రాక్టీసుకి వెళ్తే, గోల్‌లో ఎవరు నిలబడతారని కోచ్ అడిగాడట. పక్కనే ఉన్న జోయెల్ తన చెయ్యి ఎత్తలేదు. హెన్రిక్ చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. ఆ రోజు నుంచి హెన్రిక్ గోలీ, జోయెల్ ఫార్వర్డ్.

పదేళ్లు గడిచాయి. కుటుంబం దక్షిణాన ఉన్న బోస్తాద్‌కి మారింది. ఇద్దరూ రోగ్లే జూనియర్స్‌లో ఆడి, అక్కడి నుంచి గోథెన్‌బర్గ్‌లోని ఫ్రోలుండా క్లబ్‌కి వెళ్లారు. 2000లో ఇద్దరి పేర్లూ ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌కి వచ్చాయి. డ్రాఫ్ట్ అంటే మన ఐపీఎల్ వేలం లాంటిదే కానీ డబ్బు పాట ఉండదు. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లని క్లబ్బులు వంతులవారీగా ఎంచుకుంటాయి. జోయెల్‌ని డల్లాస్ 68వ పేరుగా తీసుకుంది. హెన్రిక్ పేరు ఏడో రౌండు దాకా ఎవరూ పలకలేదు. చివరికి న్యూయార్క్ రేంజర్స్ 205వ పేరుగా అతన్ని తీసుకుంది. ఆ ఏడాది మొట్టమొదటి పేరు కూడా ఒక గోలీదే. రిక్ డిపియెట్రో అనే అమెరికన్ కుర్రాణ్ని అదే న్యూయార్క్‌లోని రెండో జట్టు ఐలాండర్స్ ఎంచుకుంది.

జన్యువులు ఒకటే, ఇల్లు ఒకటే, పుట్టినరోజు ఒకటే, చిన్నప్పుడు తిరిగిన ఐసూ ఒకటే. అయినా ఒకరు 68, ఇంకొకరు 205. తర్వాత జరిగింది చూస్తే, క్లబ్బుల తరఫున కుర్రాళ్లని వెతికే స్కౌట్లకి కళ్లు లేవనిపిస్తుంది. నాకు మాత్రం వాళ్లని తిట్టబుద్ధి కాదు. పద్దెనిమిదేళ్ల గోలీలో వెతకాల్సింది బయటికి కనబడేది కాదు మరి.

ముందు బంతి సంగతి. ఐస్ హాకీలో నిజానికి బంతి ఉండదు, పక్ ఉంటుంది. గట్టి రబ్బరుతో చేసిన నల్లటి మందపాటి బిళ్ల. అడ్డంగా 7.6 సెంటీమీటర్లు, మందం 2.5, బరువు దాదాపు 160 గ్రాములు. రబ్బరు కదా, మామూలుగా వదిలేస్తే ఐసు మీద ఎగిరెగిరి పడుతుంది. అందుకే మ్యాచ్‌కి ముందు ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిస్తారు. గట్టిగా కొట్టిన షాట్ గంటకి 150 కిలోమీటర్లు దాటడం మామూలే. అంటే సెకనుకి దాదాపు 42 మీటర్లు. ఆరు మీటర్ల దూరం నుంచి కొడితే గోల్ చేరడానికి పట్టేది సెకనులో ఏడో వంతు.

ఇప్పుడు మనిషి సంగతి. ఎదురుగా లైటు వెలగగానే బటన్ నొక్కమంటే, చురుకైన కుర్రాడికైనా సెకనులో ఐదో వంతు పడుతుంది. కంటిలో పడిన వెలుగు మెదడుకి చేరాలి, అక్కడ నిర్ణయం జరగాలి, ఆ కబురు కండరాల దాకా వెళ్లాలి. కాలో చెయ్యో చాచడానికి పట్టే సమయం దీనికి అదనం. లెక్క తేలిపోయింది. దగ్గర నుంచి వచ్చే షాట్‌ని చూసి ఆపడం ఏ మనిషి వల్లా కాదు.

మరి ఆపుతున్నారుగా? పక్ కర్రని వదలక ముందే చదివేస్తారు కాబట్టి. కొట్టేవాడి నడుము ఎటు తిరిగింది, బరువు ఏ కాలి మీద ఉంది, కర్ర చివరి పలక ఎంత తెరుచుకుంది, పక్ దాని మడమ దగ్గరుందా ముక్కు దగ్గరుందా, ఇవన్నీ ఉత్తరంలో అక్షరాల్లాంటివి. మన బ్యాట్స్‌మన్ ఫాస్ట్ బౌలర్ మణికట్టు చూసి బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టడం కూడా ఇలాంటిదే. 2006లో కెనడాలోని కాల్గరీ యూనివర్సిటీలో డెరెక్ పాన్‌చుక్, జోన్ వికర్స్ అనే ఇద్దరు పరిశోధకులు గోలీల కళ్లకి కెమెరాలు తగిలించి, వాళ్లు ఎటు చూస్తున్నారో కొలిచారు. షాట్ ఆగినప్పుడల్లా గోలీ చూపు అంతకుముందే పక్ మీద, కర్ర మీద కుదురుగా నిలబడి ఉంది. దాదాపు ఒక సెకను పాటు. గోల్ పడిన షాట్లలో ఆ కుదురు ఆలస్యంగా మొదలైంది, తక్కువసేపు నిలిచింది.

ఈ చదువు వేల షాట్లు ఎదుర్కొంటే గానీ రాదు. బాగా ఎదిగిన ఒళ్లు, వేగంగా కదిలే కాళ్లు పద్దెనిమిదేళ్లకే కనిపిస్తాయి. ఫార్వర్డ్ ఎంత వేగంగా స్కేట్ చేస్తాడో, ఎన్ని గోల్స్ కొట్టాడో కూడా ఎంతోకొంత తెలుస్తుంది. గోలీ కళ్ల వెనక పోగవుతున్నది మాత్రం పైకి కనబడదు.

అంకెలు చూసి కనిపెట్టొచ్చు కదా అంటారేమో. అక్కడా చిక్కే. మంచి గోలీ వందకి 92 షాట్లు ఆపుతాడనుకుందాం, గొప్ప గోలీ 93 లేదా 94. స్కౌట్ ఒక కుర్రాణ్ని పన్నెండు మ్యాచ్‌లు చూశాడు, మొత్తం 300 షాట్లు. 92 శాతం గోలీ వాటిలో సగటున 276 ఆపాలి. అదృష్టం అటూ ఇటూ ఊగడం వల్ల 271 అవ్వొచ్చు, 281 అవ్వొచ్చు. మొదటిది 90 శాతం చిల్లర, రెండోది దాదాపు 94. మనిషి అతనే, ఆట అదే. అయినా ఒక స్కౌట్ నోటుబుక్‌లో పనికిరానివాడు, ఇంకొకరి నోటుబుక్‌లో స్టార్. పన్నెండు మ్యాచ్‌లతో గోలీని తూచడమంటే బంగారాన్ని బస్తాల కాటా మీద పెట్టడమే. రేంజర్స్‌కి యూరప్‌లో స్కౌట్‌గా ఉన్న క్రిస్టర్ రాక్‌స్ట్రోమ్ పట్టుబట్టడం వల్లే హెన్రిక్‌కి ఆ 205 అయినా దక్కింది.

హెన్రిక్ వెంటనే అమెరికా విమానం ఎక్కలేదు. ఐదేళ్లు ఫ్రోలుండాలోనే ఉన్నాడు. అతనికి జరిగిన అతి పెద్ద మేలు ఇదేనని నాకనిపిస్తుంది. మొదట్లో పెద్ద జట్టులో నాలుగైదు మ్యాచ్‌లకి మించి దొరకలేదు, పక్కనున్న మోల్న్‌డాల్ జట్టుకి అరువు కూడా వెళ్లొచ్చాడు. 2003లో ఫ్రోలుండా స్వీడిష్ చాంపియన్ అయింది. 1965 తర్వాత ఆ క్లబ్‌కి అదే మొదటి టైటిల్. జట్టులో కవలలిద్దరూ ఉన్నారు.

2004-05లో జీతాల గొడవతో ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ మొత్తం ఆగిపోయింది. ఖాళీ అయిన స్టార్లు చాలామంది యూరప్ బాట పట్టారు. ఒట్టావా కెప్టెన్ డానియెల్ ఆల్ఫ్రెడ్‌సన్ ఫ్రోలుండాకే వచ్చాడు. 22 ఏళ్ల హెన్రిక్‌కి ప్రపంచంలోని మేటి షాట్లు ఊళ్లోకే నడిచొచ్చాయి. ఆ సీజన్‌లో అతను వందకి దాదాపు 94 ఆపాడు. ఫ్రోలుండా మళ్లీ చాంపియన్. స్వీడన్ ఉత్తమ ఆటగాడికిచ్చే గుల్డ్‌పుకెన్, లీగ్ ఆటగాళ్లే ఓటేసి ఇచ్చే గుల్డ్‌యెల్మెన్, ఉత్తమ గోలీకిచ్చే హోంకెన్ ట్రోఫీ, మూడూ అతనికే.

2005లో న్యూయార్క్ చేరినప్పుడు హెన్రిక్, గోలీ కెవిన్ వీక్స్‌కి బదులు ఆటగాడు మాత్రమే. సీజన్ ముగిసేసరికి 30 విజయాలతో జట్టు ప్రధాన గోలీ అయ్యాడు.

అక్కడ అందరి కంటా పడింది అతను నిలబడే చోటు. గోలీలకి మామూలుగా నేర్పే పాఠం ముందుకొచ్చి కోణం మూసెయ్యమని. గోల్ వెడల్పు 1.83 మీటర్లు. పది మీటర్ల నుంచి షాట్ వస్తుంటే, రెండు మీటర్లు ముందుకొచ్చిన గోలీ 1.46 మీటర్ల వెడల్పు కాస్తే చాలు. హెన్రిక్ మాత్రం గోల్ గీతకి ఆనుకునే ఉండేవాడు. అర మీటరు ముందున్నాడనుకుంటే 1.74 మీటర్లు కాయాలి. 28 సెంటీమీటర్లు ఎక్కువ. అంత బరువు ఎందుకు నెత్తినేసుకున్నట్టు? దానికి బదులు అతనికి సెకనులో వందకి నాలుగు వంతుల సమయం అదనంగా దొరుకుతుంది. పక్ అడ్డంగా ఇంకో ఆటగాడికి పాస్ అయితే జరగాల్సిన దూరమూ తగ్గుతుంది. రెప్పపాటు కూడా కాని ఆ కాస్త సమయాన్ని వాడుకోవాలంటే షాట్‌ని ముందే సగం చదివి ఉండాలి. చదవలేని గోలీ వెనక్కి నిలబడితే గోల్ ఖాళీగా కనిపిస్తుంది, అంతే.

2006 ఫిబ్రవరి 26, టురిన్ ఒలింపిక్స్ ఫైనల్. ఫిన్లాండ్ మీద స్వీడన్ 3-2తో ముందుంది. అరనిమిషం కూడా మిగల్లేదు. పక్ గోల్‌కి దగ్గరగా ఓలి యోకినెన్ కర్ర మీదికి వచ్చింది. అతను కొట్టాడు, హెన్రిక్ ఆపాడు. స్వీడన్‌కి బంగారం.

మూడు నెలలు తిరక్కుండానే మే 21న లాత్వియాలోని రీగాలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది. స్వీడన్ 4-0తో చెక్ జట్టుని ఓడించింది. ఒలింపిక్ బంగారం, ప్రపంచ టైటిల్ రెండు వేర్వేరు టోర్నీల్లో ఒకే ఏడాది గెలిచిన దేశం అంతకుముందు లేదు. ఆ రోజు గోల్‌లో హెన్రిక్ లేడు. ముందు వరుసలో జోయెల్ ఉన్నాడు.