తెరతోపాటు పేజీ ఎలా ముడుచుకుంటుంది?

ఫోన్‌లో కొన్ని తెలుగు పేజీలు తెర దాటిపోతాయి, వేలితో పక్కకు జరుపుకుంటూ చదవవలసి వస్తుంది. అవే పేజీలు ఇంగ్లీషులో చక్కగా ఇముడుతాయి. ఇలా ఎందుకని ఒక పాఠకురాలు అడిగారు. వెబ్ పేజీల రూపాన్ని నిర్దేశించే భాష సీఎస్‌ఎస్. అందులో ఒక వరుసలోని భాగాలకు చోటు పంచే పద్ధతి ఫ్లెక్స్‌బాక్స్. దాని లెక్క తెలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది.

తెర వెడల్పును బట్టి పేజీ అమరిక మారే పద్ధతికి 2010లో ఈథన్ మార్కాట్ ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అని పేరు పెట్టారు. శిక్షణ తరగతుల్లో దీన్ని 768, 1024 పిక్సెళ్ల వంటి తెర వెడల్పు అంకెల పట్టికగా బట్టీ పట్టించడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అసలు అందమంతా ఆ అంకెల నడుమ జరిగే పంపకంలో ఉంది.

300 పిక్సెళ్ల పక్క పట్టీ, 600 పిక్సెళ్ల వ్యాస భాగం ఒకే వరుసలో ఉన్నాయనుకుందాం. చోటు మిగిలితే ఎంత వంతు తీసుకోవాలో చెప్పే పెరిగే గుణకం, చోటు చాలకపోతే ఎంత వంతు వదులుకోవాలో చెప్పే తగ్గే గుణకం రెండింటికీ 1. తెర 1200 పిక్సెళ్లయితే, మిగిలిన 300 చెరి 150గా అందుతుంది. తెర 600 అయితే 300 లోటు పడుతుంది, కానీ ఈ లోటు చెరి సగం కాదు: బ్రౌజర్ తగ్గే గుణకాన్ని ఆయా భాగాల మొదటి వెడల్పుతో గుణించి, ఆ నిష్పత్తిలో కోత వేస్తుంది కనుక పట్టీ 200కు, వ్యాసం 400కు దిగుతాయి. లాభాన్ని సమంగా పంచి, నష్టాన్ని స్తోమతను బట్టి వేసే ఉమ్మడి వ్యాపారం వంటిదిది. తెర 300కే పరిమితమై, 600 లోటును సగం సగం వేసి ఉంటే పట్టీ పూర్తిగా మాయమయ్యేది. నిష్పత్తి వల్ల దానికి 100, వ్యాసానికి 200 దక్కుతాయి.

అయితే మామూలుగా ఏ భాగమూ తనలోని అతి పొడవైన మాట కంటే సన్నబడదు. తెలుగులో ‘చేయవలసివచ్చినప్పటికీ’ అన్నది ఒకే మాట. మధ్యలో ఖాళీ లేదు కనుక బ్రౌజర్ దాన్ని విరవదు. పట్టీలోని ఆ మాటకు 240 పిక్సెళ్లు పడితే, 600 తెరపై లెక్కకు వచ్చిన 200 చెల్లదు. బ్రౌజర్ పట్టీని 240 వద్ద స్థిరపరచి, లెక్క మళ్లీ మొదలుపెట్టి, వ్యాసానికి 360 ఇస్తుంది. వ్యాసంలోనూ అంతే పొడవైన మాట ఉండి, తెర 360 పిక్సెళ్ల ఫోన్‌ది అయితే రెండూ కలిసి 480 అవుతాయి. 120 పిక్సెళ్లు బయటికి పొడుచుకొస్తాయి. ఇంగ్లీషు నమూనా వాక్యాలతో పరీక్షించి ఊరుకునేవారికి ఇది కనిపించదు.

పొడవైన మాటను విరవవచ్చో లేదో చెప్పే సీఎస్‌ఎస్ లక్షణం ‘ఓవర్‌ఫ్లో-ర్యాప్’కు ‘ఎనీవేర్’ అనే విలువ ఇస్తే మాట విరగడమే కాక, కనీస వెడల్పు కూడా తగ్గుతుంది; అదే లక్షణానికి చాలామంది ఇచ్చే ‘బ్రేక్-వర్డ్’ విలువ ఆ కనీసాన్ని తగ్గించదు. కానీ మాటలు నడిమికి విరిగితే చదవడం కష్టం. ఇరుకు తెరపై మీడియా క్వెరీతో (తెర వెడల్పును బట్టి వేరే అమరికను వర్తింపజేసే సీఎస్‌ఎస్ షరతుతో) పట్టీని వ్యాసం కిందికి దించడమే మేలు. అప్పుడు ఒక్కో భాగానికీ 360 పిక్సెళ్లూ పూర్తిగా దక్కి, 240 పిక్సెళ్ల మాట విరగకుండానే ఇముడుతుంది.