క్లిప్పు ముందా, స్విచ్ ముందా?

ట్రాక్టర్ బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టేటప్పుడు చాలామంది షాక్ కొడుతుందేమోనని భయపడతారు. నిజానికి పొడి చేతులతో పట్టుకుంటే 12 వోల్టులు తెలియనే తెలియవు. భయపడాల్సింది మూతల్లోంచి లేచే గ్యాస్‌కి. అది కంటికి కనపడదు, దానికి వాసనా ఉండదు, అందుకే ఎవరూ లెక్కచేయరు.

మా ఆదిలాబాద్ వైపు ఈ పని తప్పదు. మేలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, చలికాలం రాత్రులు ఐదారుకు దిగిపోతాయి. పత్తి పనులు అయిపోయాక జైనథ్, బేల వైపు ట్రాక్టర్లు వారాల తరబడి కదలవు. తీరా పెన్‌గంగ దాటి మహారాష్ట్రలోకి లోడు తీసుకెళ్లాల్సిన రోజు సెల్ఫ్ కొడితే టక్ టక్‌మని ఆగిపోతుంది. చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీలో రసాయన చర్య కూడా మందగిస్తుంది, రెండూ ఒకేసారి దెబ్బతీస్తాయి.

1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన బ్యాటరీకీ మన ట్రాక్టర్‌లో ఉన్నదానికీ లోపలి రసాయనం ఒకటే. ఒక సీసం ప్లేటు, ఒక లెడ్ డయాక్సైడ్ ప్లేటు, మధ్యలో నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. ఇలాంటి సెల్స్ ఆరు ఉంటాయి, నిండా ఛార్జ్ అయితే ఒక్కోదానికి 2.1 వోల్టులు. వాడేకొద్దీ రెండు రకాల ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుని యాసిడ్ పలచబడుతుంది, ఛార్జింగ్ దీన్ని వెనక్కి తిప్పుతుంది. ఆ సల్ఫేట్ దాదాపు అయిపోయాక కూడా మనం కరెంట్ పంపుతూనే ఉంటే అది నీళ్లను విడగొట్టడం మొదలుపెడుతుంది. మూత తీసి చూస్తే బుడగలు సన్నగా మొదలై, 14.4 వోల్టుల దగ్గర జోరందుకుని సలసల మరుగుతున్నట్టే ఉంటాయి. వచ్చేది హైడ్రోజన్, ఆక్సిజన్. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది, బ్యాటరీ డబ్బా పగిలి యాసిడ్ మొహం మీదికి చిమ్ముతుంది. షెడ్డులో మెకానిక్‌లు "కాకా, ముందు ఆ బీడీ అవతల పారేయ్" అని గద్దించేది ఇందుకే.

క్లిప్పుల వరుస కూడా ఇందుకే. ఛార్జర్ స్విచ్ ఆపి ఉండగానే ఎర్ర క్లిప్పు ప్లస్‌కు పెట్టాలి, నల్లది బండి మీదే ఉన్న బ్యాటరీ అయితే దానికి దూరంగా ఇంజన్ ఇనుముకో ఛాసిస్‌కో పెట్టాలి, స్విచ్ చివర్న. తీసేటప్పుడు ముందు స్విచ్, తర్వాత నల్లది, ఆఖర్న ఎర్రది. రవ్వ రాకుండా ఉంటే మంచిదే, ఒకవేళ వచ్చినా గ్యాస్ ఉన్నచోట రాకూడదు. చలిగా ఉందని షట్టర్ దించేసి ఛార్జింగ్ పెట్టే అలవాటు మాత్రం నాకు అస్సలు నచ్చదు, హైడ్రోజన్ తేలిక కాబట్టి పైకప్పు కిందే చేరుతుంది.

కరెంట్ ఎంత పెట్టాలంటే, బ్యాటరీ మీద రాసి ఉన్న ఆంపియర్ అవర్ (Ah, అంటే బ్యాటరీ సామర్థ్యం)లో పదో వంతు. 80 అయితే 8 ఆంపియర్లు, సగం దిగిన బ్యాటరీకి ఆరేడు గంటలు పడుతుంది. గంటలో ఎక్కిస్తానని 30 పెడితే ఎక్కినట్టే కనిపిస్తుంది కానీ ప్లేట్లు వేడెక్కి పాడవుతాయి. డబ్బా చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆపేయాల్సిందే. ఎండాకాలం వోల్టేజీ కూడా తగ్గించాలి, డిగ్రీకి దాదాపు 0.02 వోల్టు చొప్పున, అంటే 25 డిగ్రీల దగ్గర 14.4 పెట్టేవాళ్లు 45లో 14 దాటనివ్వకూడదు. బైకు బ్యాటరీకి ట్రాక్టర్ ఛార్జర్ తగిలించొద్దు, ఆ చిన్న బ్యాటరీ అర ఆంపియర్‌తో ఎక్కించాల్సిన సరుకు.

నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, యాసిడ్ వద్దు, బోరు నీళ్లు అసలే వద్దు. ప్లేట్లు బయటపడి ఉంటే ముందు అవి మునిగేంత పోసి, మిగతాది ఛార్జింగ్ అయ్యాక గుర్తు దాకా నింపాలి. కంట్లో యాసిడ్ పడితే డాక్టర్ దగ్గరికి పరిగెత్తేముందు కనీసం 15 నిమిషాలు మంచినీళ్లతో కడగాలి.

ఛార్జర్ తీయగానే మీటర్ పెట్టి మురిసిపోవద్దు, కొన్ని గంటలు ఆగి చూస్తే 12.6 ఉండాలి. యాసిడ్ చిక్కదనం చూపే హైడ్రోమీటర్ ఉంటే ఇంకా నయం, అన్ని సెల్స్‌లోనూ 1.280 దగ్గర తేలాలి. ఐదు బాగుండి ఒక్కటి మాత్రం 1.150 దగ్గరే ఆగితే మళ్లీ ఛార్జింగ్ పెట్టడం దండగ, ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చేయండి, పాత సీసానికి కొంత తగ్గిస్తారు.