సీసీ కెమెరా పెట్టేశాం, ఇంక దొంగలు రారులే! పల్లెల్లో రోజూ వినే అపోహలు

ఊళ్ళల్లో సీసీ కెమెరాలు బిగించడమే నా పని, ఎక్కడికెళ్ళినా ఇవే మాటలు, చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి రాస్తున్నా.

అపోహ: స్తంభం పైన ఎంత ఎత్తులో కడితే అంత మంచిది, ఊరంతా కనపడుతుంది.

వాస్తవం: ఊరు కనపడుతుంది, మనిషే కనపడడు. అంత పైనుంచి పడేవి నడినెత్తులూ టోపీలే. కొత్తవాడి ముఖం పోల్చుకోవాలంటే మీటరు వెడల్పుకి 250 పిక్సెల్స్ (బొమ్మలోని చుక్కలు) పడాలని మా లెక్క, 2 మెగాపిక్సెల్ కెమెరాకి అడ్డంగా ఉండేవి 1920, అంటే బొమ్మలో పడే చోటు ఏడున్నర మీటర్ల వెడల్పు దాటిందంటే ముఖం మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే ఊళ్ళోకొచ్చే దారి ఎక్కడ ఇరుకైతే అక్కడ, మూడు మీటర్ల ఎత్తు దాటకుండా ఒకటి పెట్టమంటా. చేతికందితే పగలగొడతారు కదా అంటారు, నిజమే, దాన్ని చూస్తూ ఇంకోటి పైన పెట్టుకోండి.

అపోహ: నైట్ విజన్ ఉంది, చీకట్లోనూ అన్నీ దొరుకుతాయి.

వాస్తవం: సాలీడు ఒప్పుకోవాలి! లెన్స్ ముందు ఒక్క పోగు వేలాడినా కెమెరా చీకట్లో వేసే, కంటికి కనపడని ఐఆర్ వెలుతురు దానిమీద పడి వెనక్కి కొట్టి బొమ్మంతా తెల్లటి పొగలా అయిపోతుంది. ఒకచోట మోటారు పోయిన రాత్రి ఫుటేజ్ తీస్తే అరగంటసేపు సాలీడే పీతంత సైజులో అటూ ఇటూ తిరుగుతోంది, వెనకాల ఎవరో టార్చి వేసుకుని వెళ్ళారు, ఎవరన్నది దేవుడికే తెలియాలి. వారానికోసారి పొడుగు కర్రకి మెత్తటి గుడ్డ కట్టి తుడిస్తే అయిపోయే పని, ఎవరూ చెయ్యరు. బండి నెంబర్ సంగతి కూడా అంతే, మామూలు కెమెరాకి ఎదురుగా హెడ్‌లైట్ పడితే ప్లేటు కనపడదు.

అపోహ: కెమెరా ఉంటే నేరాలే జరగవు.

వాస్తవం: నలభై ఏళ్ళ పరిశోధనలన్నీ కలిపి 2019లో ఒక సమీక్ష వచ్చింది, కెమెరాలున్న చోట నేరాలు సుమారు 13 శాతం తగ్గాయని. అదీ తగ్గినవి ఎక్కువగా బండ్ల దొంగతనాలు, ఆస్తి నేరాలే; కొట్లాటల్లాంటి వాటి మీద మాత్రం చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. పైగా లైవ్‌లో మనిషి కూర్చుని చూసే చోటే ఫలితం బాగుందట. మన ఊళ్ళల్లో చూసేదెవరు, డీవీఆర్ (ఫుటేజ్ రికార్డు చేసే పెట్టె) బీరువాలో తాళం వేసుంటుంది.

ఫుటేజ్ ఎప్పటికీ ఉంటుందనేది ఇంకో భ్రమ. కెమెరాకి సెకనుకి 2 మెగాబిట్ల (ఎంబీపీఎస్) చొప్పున నాలుగు కెమెరాలు రోజంతా రికార్డయితే 86 జీబీ దాకా, 1 టీబీ డిస్క్ పదకొండు రోజులకే నిండి పాతది చెరిపేసుకుంటూ పోతుంది. పదిహేను రోజులకి ఊరి నుంచి తిరిగొచ్చి అడిగితే నేనేం ఇవ్వను?

ఇంకోటి, లోపలి సెల్ అయిపోయిన డీవీఆర్ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైమ్ తప్పుతుంది. ఫుటేజ్ కాపీ చేసేముందు స్క్రీన్ మీది టైమ్ పక్కన మీ ఫోన్ టైమ్ కనపడేలా ఒక ఫొటో తీసి, ఎన్ని నిమిషాలు తేడా ఉందో రాసి మరీ ఇవ్వండి.