ఇక్కడివాళ్ళా, చుట్టపుచూపుగా వచ్చారా?

చిరంజీవులకు ఆశీస్సులు.

రెగెటోన్ అనే స్పానిష్ డాన్సు పాటలన్నిటికీ అడుగున ఒకే దరువు కదా, ఇంక కొత్తగా చెయ్యడానికి ఏం మిగిలిందని మీరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. దరువు ఒకటే, నిజం. ఆ దరువు ఇంటికి ఎవరెవరు చుట్టాలుగా రాగలరో తెలియాలంటే మాత్రం ఒక ఆల్బమ్ వినాలి. కరీబియన్ దీవి ప్యూర్టో రికోకు చెందిన జంట ‘కాయె త్రెసె’ 2007 ఏప్రిల్ 24న విడుదల చేసిన రెండో ఆల్బమ్ అది. పేరు ‘రెసిదెంతె ఓ విసితాంతె’. రెసిదెంతె అంటే ఇక్కడ ఉండేవాడు, విసితాంతె అంటే చూసిపోవడానికి వచ్చినవాడు, మధ్యలో ఉన్న ‘ఓ’కు ‘లేక’ అని అర్థం.

ఈ పేరు ఒక గేటు దగ్గర పుట్టింది. రెనె పెరెస్, ఎదువార్దో కాబ్రా ఇద్దరూ 1978లో పుట్టారు. రెనె తల్లి, ఎదువార్దో తండ్రి పెళ్ళి చేసుకోవడంతో వీళ్ళు అన్నదమ్ములయ్యారు. తర్వాత ఆ పెద్దలు విడిపోయారు, పిల్లలు మాత్రం విడిపోలేదు. రెనె ఉండేది త్రుహియో ఆల్తో అనే ఊళ్ళో పదమూడో వీధి. స్పానిష్‌లో కాయె అంటే వీధి, త్రెసె అంటే పదమూడు. కాలనీకి గేటు ఉండేది, గేటుకో కాపలాదారు. ఎదువార్దో వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న: ఉండేవాడివా, చూడ్డానికొచ్చావా? రెనె ‘రెసిదెంతె’ అయ్యాడు, మాటలు అతనివి. ఎదువార్దో ‘విసితాంతె’ అయ్యాడు, సంగీతం అతనిది. ఇద్దరికీ చెల్లెలైన ఇలెయానా కూడా వీళ్ళతో పాడేది. ఈ ఆల్బమ్‌లో ఏ పాట విన్నా ఆ కాపలాదారు ప్రశ్నే వెయ్యండర్రా: ఇందులో ఇంటివాళ్ళెవరు, చుట్టాలెవరు?

ముందు ఇంటివాడి సంగతి. ఆ దరువును ‘డెంబో’ అంటారు. అది జమైకా సరుకు. 1990ల మొదట్లో షాబా రాంక్స్ పాడిన ఒక పాట పేరే దరువుకు పేరుగా నిలిచిపోయింది. అంతకుముందే పనామాలో, కాలువ తవ్వడానికి వెళ్ళిన కరీబియన్ కూలీల మనవలు జమైకా పాటలను స్పానిష్‌లో పాడుతున్నారు. అక్కణ్ణుంచి ప్యూర్టో రికో చేరి, రాజధాని శాన్ హువాన్ పేటల్లో కాసెట్ల మీద చేతులు మారింది. 1995లో పోలీసులు దుకాణాల మీద పడి ఆ కాసెట్లు పట్టుకుపోయారు. 2004లో డాడీ యాంకీ పాట ‘గసొలీనా’ వచ్చాక అదే దరువు ప్రపంచమంతా మోగింది. అంటే మన ఇంటివాడు కూడా ఒకప్పుడు చుట్టంగా వచ్చి ఉండిపోయినవాడే.

ఇప్పుడు ఆ దరువును మీ ఒంటి మీద వాయించి చూద్దాం. మృదంగం క్లాసుకు వెళ్ళినవాళ్ళకు ఇది నల్లేరు మీద బండి. నోటితో ‘తకిట తకిట తక’ అనండి. మూడు, మూడు, రెండు, మొత్తం ఎనిమిది అక్షరాలు. అదే మళ్ళీ ఇంకోసారి. ఇప్పుడు ఎనిమిదిలో ఒకటో అక్షరం మీదా, అయిదో అక్షరం మీదా కాలు తట్టాలి. ఒకటో అక్షరం మొదటి ‘త’. అయిదోది రెండో ‘తకిట’లోని ‘కి’, జాగ్రత్త. చప్పట్లేమో నాలుగో అక్షరం మీదా, ఏడో అక్షరం మీదా, అంటే రెండో ‘త’, మూడో ‘త’. అన్నీ కుదిరితే ‘దుం… చ-దుం-చ, దుం… చ-దుం-చ’ అని వినిపిస్తుంది. అదే రెగెటోన్, కొత్తగా కొనవలసిన వాయిద్యమేమీ లేదు.

నూటికి తొంభైమంది తప్పేది ఒకే చోట. రెండో ‘తకిట’ మొదలయ్యేసరికి నోరు ‘త’ను ఒత్తి పలుకుతుంది, దాని వెంట కాలూ పడిపోతుంది. చప్పట్లూ కాలూ ఒకేసారి పడ్డాయంటే దరువు చచ్చిందన్నమాట. డెంబోలో ఉన్న లాగుడంతా ‘చ’కూ ‘దుం’కూ మధ్య ఉన్న ఆ ఒక్క అక్షరం సందులోనే ఉంది. దీనికి మందు, చప్పట్లు ఆపెయ్యడం. నోరూ కాలూ మాత్రమే, నిమిషానికి 50 తట్లు. కాలు ‘కి’ మీద తనంతట తానే పడేదాకా అదే పని. ఆ తర్వాతే చేతులు. అసలు పాటల వేగం నిమిషానికి 90–100 తట్లు. 95 దగ్గర సెకనుకు ఆరు అక్షరాలకు పైనే పలకాలి, కాబట్టి మొదటి రోజే అంత దూకుడు వద్దు.

ఇక చుట్టాలు. ఆల్బమ్‌లో మొదట వినవలసింది ‘టాంగో దెల్ పెకాదో’, అంటే పాపపు టాంగో. ఈ పాటకు తోడు వచ్చినవాడు అర్జెంటీనా సంగీతకారుడు గుస్తావో సాంతావొలాయా. అప్పటికే సినిమా సంగీతానికి వరసగా రెండేళ్ళు ఆస్కార్ అందుకున్నవాడు. టాంగో ఎక్కడ, రెగెటోన్ ఎక్కడ అనిపిస్తుంది. ఒకటి బ్యూనస్ ఐరెస్ హాళ్ళలో కోటు వేసుకుని ఆడేది, ఇంకొకటి చెమటలు కారుతూ ఆడేది. పైన నేర్పిన దరువునే కాలు, చెయ్యి అని వేరు చెయ్యకుండా ఒకే చేత్తో బల్ల మీద వాయించి చూడండి. ఒకటి, నాలుగు, అయిదు, ఏడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరాలు మూడు, ఒకటి, రెండు, రెండు. దీని పేరు హబనేరా, క్యూబా రాజధాని హవానా పేరు మీద వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో ఓడలెక్కి దక్షిణానికి పోయి తొలినాటి టాంగోలకు నడక ఇచ్చింది ఇదే. తరవాత టాంగో దాన్ని వదిలి నాలుగు సమమైన అడుగులకు మారింది గానీ, తోబుట్టువు లాంటి మిలోంగా ఇప్పటికీ వదల్లేదు. అంటే ఈ పాటలో టాంగోను తెచ్చి రెగెటోన్‌కు అతికించారనుకుంటే పొరపాటు. ఎప్పుడో విడిపోయిన దాయాదులు ఒకే పందిట్లో కలుసుకున్నారు. అందుకే అతుకు కనిపించదు.

టాంగోకు గొంతు ఇచ్చేది బందోనియాన్. మన పద్యనాటకాల హార్మోనియంకు దూరపు బంధువే, రెండింటిలోనూ గాలి కొడితే ఇత్తడో ఉక్కో రేకు కంపించి పలుకుతుంది. తేడా ఏమిటంటే దీనికి మెట్లుండవు, బొత్తాలుంటాయి. అర్జెంటీనాలో వాడే మామూలు రకానికి 71. ఒకే బొత్తం తిత్తి సాగదీస్తే ఒక స్వరం, మూస్తే ఇంకో స్వరం పలుకుతుంది, కాబట్టి మొత్తం 142. నేర్చుకునేవాళ్ళ తిప్పలు మీరే ఊహించుకోండి! పుట్టింది జర్మనీలో, పేరు తెచ్చుకుంది అర్జెంటీనాలో. కాపలాదారు దీన్ని అడిగితే ఏం చెబుతుందో మరి.

రెండో చుట్టం ‘కుంబియా దె లోస్ అబుర్రీదోస్’, విసుగెత్తినవాళ్ళ కుంబియా. కుంబియా కొలంబియా కరీబియన్ తీరంలో పుట్టి మెక్సికో, పెరూ, అర్జెంటీనా అన్నీ తిరిగింది. దాని ప్రాణం గ్వాచరాకా అనే గీతల కర్ర, దాన్ని ముల్లులాంటి దానితో గీస్తారు. ‘చేక్-చక, చేక్-చక’ అంటుంది. నాలుగు అక్షరాల్లో ఒకటి, మూడు, నాలుగు మీద గీత పడుతుంది, రెండో అక్షరం ఖాళీ. ఇప్పుడు డెంబో చప్పట్లు ఎక్కడ పడ్డాయో వెనక్కి వెళ్ళి చూడండి: నాలుగు, ఏడు. రెండూ గ్వాచరాకా గీతల మీదే పడతాయి, ఖాళీలో ఒక్కటీ పడదు. వేగాలూ దగ్గరదగ్గరే. ఇంత కుదిరే జోడు దొరకడం కష్టం. జంట మొదటి ఆల్బమ్‌లో అందరి చేతా గంతులు వేయించిన పాట కూడా కుంబియా నడకదే.

ల్యాప్‌టాప్‌లో మీరే చేసి చూస్తామంటే, ఏ ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనైనా 16 గళ్ళ డ్రమ్ వరస ఉంటుంది. వేగం 95. కిక్, అంటే మన ‘దుం’, 1, 5, 9, 13 గళ్ళలో. స్నేర్, అంటే మన ‘చ’, 4, 7, 12, 15లో. ఇక్కడ ఇంకో పొరపాటు జరుగుతుంది. మూడేసి గళ్ళు లెక్కపెట్టుకుంటూ 4, 7, 10, 13 అని కొట్టుకుపోతారు. ఎనిమిది గళ్ళు కాగానే లెక్క మళ్ళీ మొదటికి రావాలి. పదమూడో గడిలో స్నేర్, కిక్ ఒకేసారి మోగాయంటే అదే తప్పు చేశారని గుర్తు. రెండోది, ‘స్వింగ్’ అనే మీట సున్నాలో ఉందో లేదో చూసుకోండి. అది ఉంటే నాలుగో గడి దెబ్బ అయిదో గడి వైపు జరిగి, మనం కాపాడుకున్న ఆ సందు ఇరుకైపోతుంది.

దాని మీద కుంబియా గీతలు పెట్టాలంటే ప్రతి నాలుగు గళ్ళలో 1, 3, 4. గొంతు తగ్గించి పెట్టండి, స్నేర్‌లో సగం చాలు. ఎక్కువైతే 12 గళ్ళలోనూ చిరచిరలాడి మాటలు మింగేస్తుంది. బందోనియాన్ ధ్వని పెడితే 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసెయ్యండి, ఎందుకంటే అక్కడ కిక్, బేస్ కాపురం చేస్తున్నాయి. మూడూ ఒకచోట చేరితే అడుగంటిన పప్పులా ముద్దవుతుంది. రెండు నిమిషాలు ఒకే స్నేర్ విని విసుగొస్తే, ప్రతి ఎనిమిది ఆవర్తాలకూ స్నేర్ ధ్వని మార్చండి, గళ్ళు మార్చకండి. రెగెటోన్ వాళ్ళు పాతకాలం నుంచీ చేసే కిటుకు అదే. మీకు ఒకే దరువు అనిపించడానికీ, అయినా వినబుద్ధి అవడానికీ కారణం కూడా అదే.

మాటల గురించి కొంచెం. స్పానిష్ కూడా మన భాషలాగే అచ్చులతో ముగిసే మాటలు ఎక్కువున్నది. ప్యూర్టో రికో వాళ్ళు చివరి ‘స్’ను కూడా మింగేసి దాన్ని మరింత అజంతం చేసేస్తారు. దాంతో చివరి అక్షరాలు ఇట్టే కలుస్తాయి. మన పద్యంలో ప్రాస రెండో అక్షరంలో ఉంటుంది, రెనె దాన్ని పాదం చివర పెట్టి, ఒకే అంత్యప్రాస పట్టుకుని అయిదారు పాదాలు వదలడు. ‘పారా ఎల్’ అనే రెండు మాటలు అక్కడి నోళ్ళలో ‘పాల్’ అయిపోతాయి, మన దగ్గర ‘పోతున్నాడు’ కొన్నిచోట్ల ‘పోతాండు’ అయినట్టు. ‘పాల్ నోర్తె’ అంటే ఉత్తరం వైపుకు. ఆల్బమ్‌లో నాకన్నిటికంటే గట్టిగా అనిపించే పాట అదే. తోడు పాడింది క్యూబా బృందం ఒరిషాస్.

ఉత్తరం అంటే అమెరికా. సరిహద్దు దాటి కాలినడకన పోయే లాటిన్ అమెరికా వలసకూలీల పాట అది. ఇందులో మెలిక చూడండి. ప్యూర్టో రికో 1898 నుంచి అమెరికా చేతిలో ఉంది, అక్కడివాళ్ళకు 1917 నుంచి అమెరికా పౌరసత్వం ఉంది. ఈ జంట వీసా అవసరం లేకుండా విమానం ఎక్కి న్యూయార్క్‌లో దిగగలరు. కాపలాదారు ప్రశ్న వాళ్ళను ఆపదు. ఆపేది ఎవరినో వాళ్ళ గురించే పాడారు. మన ఇళ్ళల్లో వీసా స్టాంపింగ్ తేదీ కోసం ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఈ పాట మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. 2007లో ఆల్బమ్‌కూ, ఈ పాటకూ లాటిన్ గ్రామీలు వచ్చాయి. 2008లో ఆల్బమ్‌కు అమెరికా గ్రామీ కూడా వచ్చింది.

మిగతా అతిథులు: అర్జెంటీనా నుంచి విసెంతికో, స్పెయిన్ నుంచి లా మాలా రొద్రిగెస్, సొంత దీవివాడే అయిన తేగో కాల్దెరోన్. ‘లా ఎరా దె లా కొపియాయెరా’ అనే పాట కాపీరాయుళ్ళకు పెట్టిన వాత. అది విన్నాక మీ ల్యాప్‌టాప్ పని చూసుకోండి.

ఒక హెచ్చరిక. ఆల్బమ్‌లో బూతులు ధారాళంగా ఉన్నాయి, కొన్ని అవసరమై, కొన్ని ఊరికే నోటిదురుసుతో. చిన్నవాళ్ళు ‘పాల్ నోర్తె’ దగ్గరే ఆగండి. ఫోన్లో అనువాదం పెట్టి నాయనమ్మకు చదివి వినిపించే ప్రయోగాలు చెయ్యొద్దు. ఒక్కో పాటా మూడుసార్లు వినండి: మొదటిసారి కాలు మాత్రమే, రెండోసారి చప్పట్లు మాత్రమే, మూడోసారి కాలూ చెయ్యీ ఆపి పైన ఏ వాయిద్యం ఎప్పుడు వచ్చి ఎప్పుడు వెళ్ళిపోతోందో కాగితం మీద రాసుకోండి. రాసింది నాకు పంపండి. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం కాలు తట్టకండి, కింది వాటావాళ్ళు పొద్దున్నే లేవాలి.

ఇట్లు,
మీ పెదనాన్న