గోషామహల్ బారాదరి: గదులు లేని లాడ్జి కథ

తెలుగులో లాడ్జి అంటే బస్టాండు ఎదుట ఉండే అద్దె గదులే. ఊరి నుంచి పని మీద హైదరాబాద్ వచ్చిన మా బాబాయి ఒకసారి ‘మేసోనిక్ లాడ్జ్’ అన్న బోర్డు చూసి, రోజుకి ఎంతో కనుక్కొస్తానని గేటు దాకా వెళ్ళాడు. “ఇక్కడ రూములుండవు సార్” అన్నాడు వాచ్‌మన్. మరేం ఉంటాయయ్యా అంటే “మీటింగులు” అని ఊరుకున్నాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని బాబాయి ఊళ్ళో ఎన్ని కథలు అల్లాడో లెక్కలేదు.

మేసోనిక్ లాడ్జ్ అంటే ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం వాళ్ళు కలుసుకునే చోటు. లోపల ఏం జరుగుతుందో బయటివాళ్ళకు చెప్పరు. ఫ్రీమేసన్ల మీద పుట్టిన పుకార్లన్నిటికీ మూలం ఇదే. ఉత్తరాదిలో వాళ్ళ హాళ్ళని జాదూఘర్ అన్నారు, భూత్ బంగ్లా అన్నారు. రాత్రిపూట దీపాలు, నల్ల సూట్లు వేసుకుని వచ్చే పెద్దమనుషులు, మూసిన తలుపులు. జనం ఇంకేమనుకుంటారు? హైదరాబాద్‌లో అలాంటి కథలు మూటగట్టుకున్న కట్టడం గోషామహల్ బారాదరి. 2025 జనవరి 31న గోషామహల్ పోలీస్ స్టేడియంలో కొత్త ఉస్మానియా ఆస్పత్రికి శంకుస్థాపన చేసినప్పటి నుంచి ఆ పేట పేరు పేపర్లలో తరచూ కనబడుతోంది. అటువైపు వెళ్ళేవాళ్ళ కళ్ళు పాత బారాదరి మీద కూడా పడుతున్నాయి. ఇదెవరిది, ఆ సంఘం చేతికి ఎలా వచ్చింది అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు.

దాన్ని కట్టించినవాడు మనకు బాగా తెలిసినవాడే. తానీషా. భద్రాచలం గుడికి ఖజానా సొమ్ము వాడినందుకు కంచర్ల గోపన్నను గోల్కొండ చెరలో పెట్టించిన తానీషా, అక్కన్న మాదన్నలకు పాలన అప్పగించిన తానీషా. అసలు పేరు అబుల్ హసన్ కుతుబ్ షా. 1672 నుంచి 1687 దాకా ఏలాడు, కుతుబ్‌షాహీల్లో ఆఖరివాడు. బారాదరి అంటే పన్నెండు ద్వారాల మండపం. గోషా అంటే మూల, చాటు, పరదా. విశాఖలో ఘోషా ఆస్పత్రి అంటామే, అదే మాట. అంటే పేరులోనే చాటు ఉంది. తర్వాత రెండు వందల ఏళ్ళకు వచ్చి చేరినవాళ్ళు కూడా చాటు మనుషులే కావడం తమాషా. ఇక్కడి నుంచి గోల్కొండకు సొరంగం ఉందని కూడా అంటారు. హైదరాబాద్‌లో పాత కట్టడం అంటూ ఉంటే దాని కింద సొరంగం ఉండి తీరాలి కదా.

1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు, తానీషా దౌలతాబాద్ కోటలో ఖైదీగా పోయాడు. ఈ మహల్ మళ్ళీ కథలోకి వచ్చేది 1872లో. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దీన్ని ఫ్రీమేసన్లకు ఇచ్చాడని అందరూ రాస్తారు. నిజమే, కానీ అప్పటికి ఆయన వయసు ఆరేళ్ళు. రెండున్నరేళ్ళప్పుడు గద్దెనెక్కించారు. రాజ్యం నడిపింది మొదటి సాలార్‌జంగ్, ఆయనతో పాటున్న రీజెంటు, అంటే పసివాడైన రాజు తరఫున ఏలే పెద్ద. కాబట్టి ‘నిజాం దానం’ అన్నది దర్బారు నిర్ణయం అని చదువుకోవాలి. అందులో దానగుణం ఎంతో, రాజకీయం ఎంతో ఎవరికి వాళ్ళు లెక్క వేసుకోవచ్చు. కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు ఉన్నాడు, లష్కర్లో, అంటే సికింద్రాబాద్‌లో, ఇంగ్లీషు దండు ఉంది. రెండు వైపుల వాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేసే చోటు ఒకటి ఉండడం ఇద్దరికీ లాభమే.

ఇంతకీ ఈ మేసన్లు ఎవరు? మాట ప్రకారం అయితే తాపీ మేస్త్రీలు. ఐరోపాలో పెద్ద పెద్ద చర్చిలు కట్టే రోజుల్లో రాతిపనివాళ్ళు కట్టడం పక్కన ఒక పాక వేసుకునేవాళ్ళు. పనిముట్లు దాచుకోవడం, కూలి పంచుకోవడం, పని గుట్టు మాట్లాడుకోవడం అక్కడే. ఆ పాక పేరు లాడ్జ్. రాను రాను తాపీ పట్టని వాళ్ళు, అంటే జమీందార్లు, లాయర్లు, వ్యాపారులు కూడా అందులో సభ్యులయ్యారు. రాతిపని పోయింది, పనిముట్లు గుర్తులుగా మిగిలాయి. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలు సెయింట్ పాల్స్ చర్చి దగ్గర ఒక సారాయి దుకాణంలో కలిసి గ్రాండ్ లాడ్జ్, అంటే లాడ్జీలన్నిటికీ పెద్ద సంఘం, పెట్టుకున్నాయి. ఇప్పటి ఫ్రీమేసన్రీకి అదే మొదలు.

హాలు ఎలా ఉంటుందో చెప్పడానికి రహస్యాలు బయటపెట్టక్కర్లేదు, ఏ లాడ్జి అయినా దాదాపు ఒకే తీరు. నేల మీద చదరంగం పలకలా నలుపు తెలుపు గళ్ళు. తూర్పున ఒక పెద్ద కుర్చీ, అది ఆ ఏటి అధ్యక్షుడిది. పడమట ఒకటి, దక్షిణాన ఒకటి, ఆయన కింది ఇద్దరు వార్డెన్లవి. ఉత్తరం వైపు అలాంటి పెద్ద కుర్చీ ఉండదు. అధ్యక్షుడి మెడలో మూలమట్టం బిళ్ళ వేలాడుతుంది, పడమటి వార్డెన్‌కి మట్టపలక, దక్షిణం వార్డెన్‌కి తూకం గుండు. మన మేస్త్రీ సంచిలో ఉండే సామానే, కాకపోతే వెండితో చేసి రిబ్బనుకి తగిలించారు. అందరూ సూటు మీద నడుముకి ఒక ఆప్రాన్ కట్టుకుంటారు. కొత్తగా చేరినవాడిది తెల్ల గొర్రెపిల్ల తోలు. మధ్యలో బల్ల మీద పవిత్ర గ్రంథం, దాని మీద మూలమట్టం, వృత్తలేఖిని. మన దేశంలో బైబిల్ ఒక్కటే కాదు, సభ్యుల మతాన్ని బట్టి గీత, ఖురాన్, గురు గ్రంథ్ సాహిబ్, పార్సీల అవెస్తా పక్కపక్కన పెడతారు. దేవుడున్నాడని నమ్మాలి, ఏ దేవుడు అని అడగరు. లోపల మతం, రాజకీయం మాట్లాడకూడదు.

చేరేవాడి జేబులో డబ్బు, ఒంటి మీద బంగారం తీయించేస్తారు. కళ్ళకు గంతలు, మెడలో తాడు, ఒక కాలి ప్యాంటు మోకాలి పైకి మడత. చేతిలో చిల్లిగవ్వ లేని మనిషిగా వచ్చావని గుర్తుండాలట. మూడు మెట్లు ఉంటాయి. మేస్త్రీ చేతి కింద చేరిన కుర్రాడు, పని నేర్చినవాడు, మేస్త్రీ. మూడో మెట్టులో ఒక చిన్న నాటకం ఆడతారు. సొలొమోను గుడి కట్టిన పెద్ద మేస్త్రీ హిరామ్, పని గుట్టు చెప్పనన్నందుకు ముగ్గురు పనివాళ్ళ చేతిలో చచ్చిపోతాడు. అభ్యర్థిని హిరామ్‌గా పడుకోబెట్టి, మళ్ళీ లేపుతారు. కిటికీ సందులోంచి ఏ నౌకరో ఈ దృశ్యం చూసుంటే ఊరంతా ఏమని చెప్పుకుంటుందో ఊహించుకోండి. భూత్ బంగ్లా అన్న పేరు ఊరికే రాలేదు.

నిజానికి ఈ తతంగం పెద్ద గుట్టేమీ కాదు. 1730లోనే లండన్‌లో దీన్నంతా అచ్చు వేసి అమ్మేశారు. సరిగ్గా అదే ఏడాది కలకత్తా ఫోర్ట్ విలియంలో మన దేశపు మొదటి లాడ్జి మొదలైంది. 1752లో మద్రాసు, 1758లో బొంబాయి. కంపెనీ ఓడ ఎక్కడ ఆగితే అక్కడ లాడ్జి దిగింది. కొన్ని పటాలాలకు వెంట తిరిగే లాడ్జీలే ఉండేవి, డేరా మారితే లాడ్జి మారేది. సికింద్రాబాద్‌కి కూడా ఇది దండుతోనే వచ్చింది.

నన్నడిగితే ఈ చరిత్రలో ఆరా తీయాల్సింది తలుపు లోపల ఏముందని కాదు, ఆ తలుపు ఎవరికి తెరిచారని. ‘మనుషులంతా అన్నదమ్ములు’ అన్న సంఘం తెల్లవాళ్ళ ఏలుబడిలో ఎవరిని అన్న అంది, ఎవరిని తమ్ముడంది?

మొదట తెరుచుకున్నది నవాబులకు. ఆర్కాటు నవాబు పెద్ద కొడుకు ఉమ్‌దతుల్ ఉమరా 1770ల్లో తిరుచిరాపల్లిలో మేసన్ అయ్యాడు. నెల్లూరు, చిత్తూరు సీమలు అప్పట్లో ఆ కుటుంబం కిందివే. ఆ సంగతి తెలిసి లండన్ గ్రాండ్ లాడ్జ్ ఆయనకు అభినందనలు పంపింది. కంపెనీకి ఆ నవాబు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

మామూలు మనిషి సంగతి వేరు. బొంబాయిలో మానెక్జీ కర్సెట్జీ అనే పార్సీని రానివ్వలేదు. ఆయన పారిస్ వెళ్ళి అక్కడ మేసన్ అయి వచ్చాడు. 1843లో జేమ్స్ బర్న్స్ అనే స్కాట్లాండ్ డాక్టరు భారతీయుల కోసం ‘రైజింగ్ స్టార్’ అని ఒక లాడ్జి పెట్టాడు, అలా పార్సీలు, ముస్లింలు మెల్లగా లోపలికొచ్చారు. హిందువుల దగ్గర పీటముడి పడింది. వీళ్ళకి చాలామంది దేవుళ్ళు, ఒక్క దేవుడి పేరు మీద ప్రమాణం ఎలా చేస్తారన్నది ఒక అభ్యంతరం. కులం పట్టింపున్నవాళ్ళు మనతో కలిసి తినరు, మరి సోదరులెలా అవుతారన్నది రెండోది. రెండో మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ కలకత్తా క్లబ్బుల్లో భారతీయుల్ని గుమ్మం తొక్కనివ్వని వాళ్ళు సహపంక్తి భోజనం గురించి బాధపడడం మాత్రం వింతగా ఉంటుంది.

కలకత్తా వ్యాపారి ప్రసన్న కుమార్ దత్ 1863లో దరఖాస్తు పెట్టుకున్నాడు. లాడ్జీల్లో ఓటింగు రహస్యం. చెయ్యి దూరేంత కంత ఉన్న పెట్టె ఒకటి తిప్పుతారు, ఒప్పుకుంటే తెల్ల గోలీ, వద్దనుకుంటే నల్ల గోలీ. ఎవరు వేశారో తెలీదు, ఎందుకు వేశారో చెప్పక్కర్లేదు. దత్ కేసులో అంతకంటే పెద్ద అడ్డం ఉంది. బెంగాల్ మేసన్ల పెద్ద అనుమతి లేనిదే ఆసియావాసిని చేర్చుకోకూడదని అక్కడి లాడ్జీలకు నిబంధన. దత్ ఊరుకోలేదు. మీ రాజ్యాంగంలో అలాంటి రూల్ ఎక్కడుందో చూపించండని లండన్‌కి రాశాడు. తొమ్మిదేళ్ళు పోరాడాడు. చివరికి 1872లో ‘యాంకర్ అండ్ హోప్’ అనే లాడ్జిలో ఆయన్ని చేర్చుకున్నారు.

1872. గోషామహల్ చేతులు మారిన ఏడాదే. ఈ రెంటికీ నేరుగా సంబంధం లేదు, కానీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కాలం అర్థమవుతుంది. హైదరాబాద్‌లో దర్బారు ఏకంగా ఒక మహల్ రాసిచ్చింది, దాన్ని తీసుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. కలకత్తాలో ఒక వ్యాపారికి కుర్చీ ఇవ్వడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

దత్ తెరిపించిన అదే యాంకర్ అండ్ హోప్‌లో 1884 ఫిబ్రవరిలో ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడొకడు చేరాడు. పేరు నరేంద్రనాథ్ దత్తా. తర్వాత లోకమంతా వివేకానందుడిగా ఎరిగినవాడు. తండ్రి లాయరు, తనూ లా చదువుతున్నాడు, నలుగురితో పరిచయాలు కావాలి. ఆ తరంలోనే మోతీలాల్ నెహ్రూ కూడా మేసనే. 1886లో లాహోర్ లాడ్జిలో చేరిన ఇంగ్లీషు రచయిత కిప్లింగ్ అయితే, తన మూడు మెట్లూ ఒక హిందువు, ఒక ముస్లిం, ఒక ఇంగ్లీషువాడు చేయించారని చెప్పుకునేవాడు.

స్వాతంత్ర్యం వచ్చాక లాడ్జీల మీద పెద్ద ప్రశ్నే పడింది. ఇంగ్లండ్, స్కాట్లాండ్, ఐర్లండ్ కింద ఉన్న సంఘాలు కొత్త దేశంలో ఎవరి మాట వినాలి? 1961 నవంబర్ 24న ఢిల్లీలో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది, రాంపూర్ నవాబు సయ్యద్ రజా అలీ ఖాన్ మొదటి గ్రాండ్ మాస్టర్. మళ్ళీ నవాబే, గమనించారా? చాలా లాడ్జీలు ఇందులో చేరాయి, కొన్ని ఇప్పటికీ పాత దేశాల కిందే నడుస్తున్నాయి. తెలుగు రాష్ట్రాల లాడ్జీలు చెన్నై కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంతీయ విభాగంలో ఉన్నాయి. సరిహద్దు అవతల కథ వేరే దారి పట్టింది. పాకిస్తాన్ 1972లో ఫ్రీమేసన్రీని నిషేధించింది. లాహోర్ మాల్ రోడ్డు మీది జాదూఘర్‌ని ప్రభుత్వం తీసుకుంది, కరాచీ హాల్లో వన్యప్రాణి శాఖ ఆఫీసు పెట్టారు. ఇక్కడ ఎవరూ లాక్కోలేదు, గోషామహల్ మేసన్ల చేతిలోనే ఉంది.

ఆడవాళ్ళకు మాత్రం ఈ లాడ్జీల తలుపు ఇంకా మూసే ఉంది. అనీ బిసెంట్ 1902లో పారిస్‌లో ఆడా మగా కలిసి ఉండే కో-మేసన్రీలో చేరి, దాన్ని మన దేశానికి తెచ్చింది. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల పెట్టిన బిసెంటే. అయితే పాత లాడ్జీలు ఆ శాఖని తమదిగా ఒప్పుకోవు.

ఇప్పుడు లాడ్జి వార్తలంటే ఎక్కువగా కంటి శిబిరాలు, రక్తదానం, స్కాలర్‌షిప్పులు, ఏటా కొత్త అధ్యక్షుణ్ణి కూర్చోబెట్టే సభ, నవంబర్ 24న విశ్వ సోదరభావ దినం. కోయంబత్తూరులో పిల్లల ఆస్పత్రి, ఢిల్లీ వసంత్ కుంజ్‌లో బడి వీళ్ళ పేరు మీదే ఉన్నాయి. రోటరీ, లయన్స్ వాళ్ళూ ఇదే చేస్తారుగా, మరి ఆ తలుపు వేసుకోవడం దేనికి అంటే మేసన్లు నవ్వుతారు. సభ్యుడు కావాలంటే ఏం చేయాలో గ్రాండ్ లాడ్జ్ వెబ్‌సైట్‌లోనే రాసుంటుంది.

తలుపు సంగతికొస్తే, మీటింగు జరుగుతున్నంతసేపూ హాలు బయట ఒకాయన దూసిన కత్తి పట్టుకుని నిలబడాలని రూలు. ఆ పదవిని టైలర్ అంటారు, బట్టలు కుట్టే టైలర్ కాదు. ఈ మాట చెబితే మా బాబాయి కాసేపు ఆలోచించి, “అయితే ఆ రోజు గేటు దగ్గర నాతో మాట్లాడింది వాచ్‌మన్ కాదేమోరా” అన్నాడు.